గాలి ఆడాలి, ముంగిస దూరకూడదు: కోళ్ళ గూడు ఎలా కట్టుకోవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు పల్లెల్లో కోళ్ళని రాత్రిపూట ఉంచే పద్ధతులు ముఖ్యంగా రెండు. రాళ్ళు, మట్టితో నాలుగు వైపులా మూసేసి ముందు ఒక పలక పెట్టిన బుల్లి గది ఒకటి. అరుగు మీద బోర్లించిన గంప ఇంకొకటి. గదిలోకి ముంగిస రాదు, గాలి కూడా రాదు. గంపలో గాలి ఉంటుంది గానీ కుక్క ఒక్క తోపు తోస్తే పక్కకి ఒరిగిపోతుంది.

ఈ రెండూ కాకుండా గాలాడే గూడు కట్టొచ్చు. పట్టుకుపోయే జంతువు చాలావరకు నేల మీదుగా వస్తుంది, గూట్లోని వేడి, కంపు పైనుంచి పోతాయి. కాబట్టి కింద గట్టిగా బిగించాలి, పైన ధారాళంగా వదలాలి. పన్నెండు పెట్టలు, ఒక పుంజు ఉన్న ఇంటికి సరిపోయే గూడు లెక్క ఇక్కడ చెబుతున్నాను.

గాలి ఎందుకు అంత ముఖ్యం

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎండాకాలం ఆ వేడి తగ్గించుకోవాలంటే నోరు తెరిచి ఎగపోయాలి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టాలి. చుట్టూ గాలి కదలకపోతే ఎంత ఎగపోసినా లాభం లేదు. దానికి తోడు రెట్ట తడిసి అమ్మోనియా పుడుతుంది. అది కళ్ళని, ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది, ఆ తర్వాత ఏ తెగులు వచ్చినా కోడి తట్టుకోలేదు.

మీ పాత గూడు ఎలా ఉందో తెలుసుకోవాలంటే తెల్లారి తలుపు తీయగానే దాని ముందు గొంతుకూర్చుని, కోడి తల ఉండే ఎత్తులో ముక్కు పెట్టి పీల్చండి. ముక్కు మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే మీ కోళ్ళు రాత్రంతా ఆ గాలే పీల్చాయన్నమాట.

చోటు, కొలతలు

వాన నీరు నిలవని మెరక చూసుకోండి. రాత్రి కోళ్ళు గోల పెడితే మీకు వినపడేంత దగ్గరలో ఉండాలి. చింత, మామిడి చెట్ల నీడ మంచిదే, కొమ్మలు మాత్రం గూటి మీదకి వంగకూడదు. పునుగుపిల్లి కొమ్మ పట్టుకునే దిగుతుంది.

గూడు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండాలి. అప్పుడు పొద్దుటి ఎండ, సాయంత్రం ఎండ పొట్టి గోడల మీదే పడతాయి. పడమటి గోడకి వెదురు తడక కట్టేస్తే మే నెల మధ్యాహ్నాలు కొంత గండం గడుస్తుంది.

రాత్రి పడుకునే గూడు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చాలు. తలకి సుమారు రెండు చదరపు అడుగులు వస్తుంది. దానికి ఆనుకుని పగలు తిరగడానికి పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పున వల చుట్టిన దొడ్డి వేయండి. పగలంతా పెరట్లో వదిలే అలవాటున్నా ఈ దొడ్డి ఉండాలనే చెబుతాను. ముంగిస పగటిపూటే తిరుగుతుంది. ఇంట్లో అందరూ పొలానికి, పనికి వెళ్ళిపోయిన వేళ దానికి అనువైన వేళ.

కట్టడం

నాలుగు మూలలా సరుగుడు గుంజలు గానీ గట్టి వెదురు గానీ రెండడుగుల లోతు పాతండి. వెదురు నేలకి ఆనే చోటే ముందు కుళ్ళుతుంది. పాతే భాగానికి తారు పూసి బాగా ఆరనివ్వాలి. గూటి అడుగుభాగం నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంటే తడి రాదు, ఊడ్చుకోవడం తేలిక. నిలువు గుంజలకి నేల నుంచి అడుగున్నర ఎత్తులో, గరాటు బోర్లించినట్టు రేకు ముక్క చుడితే ఎలుక పైకి పాకలేదు.

అడుగుకి వెదురు బద్దలు అర అంగుళం సందుతో పరిస్తే రెట్ట కిందికి రాలిపోతుంది. ఇక్కడే చాలామంది ఒక పని వదిలేస్తారు: గూటి కింది ఖాళీ చుట్టూ కూడా వల కట్టాలి. బద్ద ఒకటి విరిగి సందు పెద్దదైందంటే కోడి కాలు అందులోకి జారుతుంది, అడవి పిల్లి కింద నుంచి ఆ కాలు పట్టి లాగుతుంది. తెల్లారి చూస్తే తలుపు మూసే ఉంటుంది, గడియ వేసే ఉంటుంది, కోడికి మాత్రం కాలు ఉండదు.

వల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. షాపులో చికెన్ మెష్ అని అడిగితే ఆరు మూలల గడులున్న పలచటి వల ఇస్తారు. కోడిని లోపల ఉంచడానికి అది పనికొస్తుంది. కుక్క పళ్ళతో పట్టి గుంజితే మాత్రం అల్లిక విడిపోతుంది. రాత్రి గూటికి అన్ని వైపులా, దొడ్డికి కింది మూడడుగుల మేర, అర అంగుళం గడుల వెల్డ్ మెష్, అంటే తీగలు కలిసే చోటల్లా అతికిన గట్టి వల, వేయండి. దొడ్డిలో ఆ పై భాగానికి మామూలు చికెన్ మెష్ చాలు. దొడ్డి పైకప్పుగా పాత చేపల వల పరిస్తే గద్ద, డేగ, కాకి వచ్చి కోడిపిల్లల్ని ఎత్తుకుపోలేవు. బారువ, గోపాల్‌పూర్ లాంటి రేవుల్లో తెలిసినవాళ్ళుంటే పాత వల తెప్పించుకోండి. దాన్ని నేల దాకా వేలాడనివ్వకండి, పాములు చిక్కుకుంటాయి.

దొడ్డి వల నేల దగ్గర ఆగిపోతే పందికొక్కు, కుక్క తవ్వుకుని వస్తాయి. వల అంచుని బయటివైపుకి అడుగున్నర మేర మడిచి, నాలుగంగుళాల మట్టి కప్పి, పైన రాళ్ళు పేర్చండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, గోళ్ళకి వల తగిలి మానేస్తుంది. ఆ చివర నుంచి తవ్వుకు రావాలన్న ఆలోచన దానికి రాదు. అంతా అయ్యాక చుట్టూ తిరిగి మూలమూలా బొటనవేలు పెట్టి చూడండి. వేలు దూరిన ప్రతి సందూ మూయాల్సిందే.

అర అంగుళం గడిలోంచి కూడా పాము పిల్ల దూరగలదు. పెద్ద జెర్రిపోతు, నాగుపాము దూరలేవు. అసలు పాము గూటికి వచ్చేది గుడ్ల కోసం, ఎలుకల కోసం. గుడ్లు పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసేయండి. మేత పళ్ళెం రాత్రి బయట ఉంచకండి. ఎలుకలు తగ్గితే పాములు తగ్గుతాయి.

కొందరు విసిగిపోయి చుట్టూ తీగ లాగి కరెంటు పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. అది నేరం, పైగా చీకట్లో ఆ తీగ తగిలేది మీ ఇంటి పిల్లవాడికో పక్కింటి ఆవుకో కావచ్చు. ముంగిస, అడవి పిల్లి 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు. వాటిని చంపే అవసరం గట్టి గూడు ఉన్నవాళ్ళకి రాదు.

కప్పు, వాన, తుపాను

తాటాకు కప్పు చల్లగా ఉంటుంది, కానీ అందులో ఎలుకలు కాపురం పెడతాయి. రేకు గట్టిదే, ఎండాకాలం మాత్రం పొయ్యి మీది పెనంలా కాలుతుంది. నేనైతే రేకే వేస్తాను. పైన సున్నం కొట్టి, మార్చి నుంచి జూన్ దాకా తాటాకో వరిగడ్డో పరిచి కట్టి, వానలు మొదలవగానే తీసేస్తాను. ఉత్తరం వైపు ఆరున్నర అడుగులు, దక్షిణం వైపు అయిదడుగులు ఎత్తు పెడితే వాలు సరిపోతుంది. చూరు రెండడుగులు బయటికి రావాలి.

గోడ పైఅంచుకీ కప్పుకీ మధ్య తొమ్మిదంగుళాల నుంచి అడుగు దాకా ఖాళీ వదిలి, దానికి వల మాత్రమే కొట్టండి. వేడి గాలి పోయే దారి అదే. చలికాలంలో కూడా మూయకండి. కొండల పక్కన డిసెంబర్, జనవరి నెలల్లో చలి గట్టిగానే ఉంటుంది, అయినా కోడి చలిని బాగానే తట్టుకుంటుంది. తడిని, చెడ్డ గాలిని తట్టుకోలేదు.

జల్లు కొట్టకుండా గోనెసంచులు కుట్టి తెరలా కడతాం కదా, దాన్ని పైనుంచి వేలాడదీయకండి. కింది అంచుని గోడకి బిగించి, తాడుతో పైకి లాగేలా కట్టండి. సగం మూసినప్పుడు కింద పడుకున్న కోళ్ళకి జల్లు తగలదు, పైన గాలి ఆగదు.

నైరుతి వానకి ఒక దిక్కు ఉంటుంది. తుపాను గాలి గంటల్లో దిక్కు మారుస్తుంది. 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి, రాయగడ జిల్లాల్ని ఎలా ముంచిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రేకుని మేకులతో సరిపెట్టకుండా కొక్కెం బోల్టులు వేయించండి. కప్పు మీదుగా రెండు నైలాన్ తాళ్ళు అడ్డంగా వేసి, నేలలో దిగ్గొట్టిన మేకులకి బిగించే ఏర్పాటు సెప్టెంబర్‌లోనే చేసి ఉంచుకోండి.

లోపల

కోళ్ళు ఎక్కి పడుకునే కర్రలు రెండు, గూటి పొడవునా వేయండి. తలకి ఎనిమిదంగుళాల చోటు చాలు. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, ఎక్కువ తక్కువలుంటే పై కర్ర కోసం పొడుచుకుంటాయి. వలకి కనీసం అడుగు దూరం వదలండి, లేకపోతే నిద్రలో తోక, తల వలకి ఆనించి పిల్లి పంజాకి అందుతాయి. గుడ్లు పెట్టే పెట్టెలు అడుగు పొడవు, అడుగు వెడల్పువి మూడు చాలు. వాటిని కర్రల కన్నా తక్కువ ఎత్తులో పెట్టాలి.

దొడ్డిలో రెండు మూడంగుళాల మందాన వరి ఊక పరిచి, వారానికి రెండుసార్లు తిరగేయండి. ఊక తడిస్తే తీసేయాలి, తడి ఊకలోంచే కోడిపిల్లలకి రక్త పారుడు వస్తుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియలు కిందా పైనా రెండు ఉండాలి. కుక్క మూతితో ఎత్తితే లేచిపోయే గడియ లెక్కలోకి రాదు.

కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్, ఏ వల పెట్టినా ఆగదు. దానికి టీకాలే దారి: కోడిపిల్లలకి మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ టీకా సూది వేయించండి. దగ్గర్లోని లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్‌లో, అంటే పల్లెల్లోని చిన్న పశువైద్య కేంద్రంలో, అడిగితే చెబుతారు. సంతలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి.

గూడు పూర్తయ్యాక కోళ్ళని నాలుగైదు రోజులు గూడు, దొడ్డి దాటి బయటికి వదలకండి. ఆ తర్వాత పొద్దు వాలడానికి గంట ముందు వదిలితే చీకటి పడేలోగా చాలావరకు వాటంతట అవే వచ్చేస్తాయి. చెట్టెక్కి కూర్చున్న మొండివాటిని చీకటి పడ్డాక పట్టుకుని కర్ర మీద కూర్చోబెట్టండి. నాలుగు రాత్రులు అలా చేస్తే అవీ అలవాటు పడతాయి.