చేప పిండంలో వెనుక మెదడుకు కబురు పంపేదెవరు? నాలుగో పాఠం: అంచు కణాలను పైకి మార్చి చూడటం

గత పాఠంలో జీబ్రాఫిష్ అనే చిన్న చేప గుడ్డు ఒక్క కణంగా ఉన్నప్పుడే అందులోకి రంగు ఎక్కించడం, తర్వాత దాని చుట్టూ ఉండే పొర ఒలిచేయడం నేర్చుకున్నాం. ఇక అసలు పనికి వద్దాం. ఒక పిండంలోంచి కాసిని కణాలు తీసి ఇంకో పిండంలో పెడతాం, అక్కడ తయారవుతున్న మెదడు ఏమైందో చూస్తాం. చేయి కుదరడానికి టైమ్ పడుతుంది, కానీ చేతిపని కంటే ఫలితాన్ని సరిగ్గా చదవడమే కష్టం, కాబట్టి పైపెట్ పట్టుకునే ముందు మనం ఏం అడుగుతున్నామో తేల్చుకుందాం.

1924లో ప్రచురించిన ప్రయోగంలో శాస్త్రవేత్తలు హాన్స్ స్పెమాన్, హిల్డే మాంగోల్డ్ న్యూట్ అనే ఉభయచరం పిండంలో వీపువైపు ముక్క తీసి ఇంకో పిండానికి పొట్టవైపు పెడితే, అక్కడ మెదడు, వెన్నుపాము అయ్యే నాడీ గొట్టంతో సహా రెండో శరీర అక్షం తయారైంది. చేపల్లో ఆ ముక్కకు సాటి వచ్చేది షీల్డ్. 1936లో జేన్ ఒపెన్‌హైమర్ ఫండ్యులస్ అనే చిన్న చేపలో షీల్డ్‌ను మార్చి పెట్టి అదే చూపించారు. ఇంతవరకే చదివితే మెదడు మొత్తాన్ని షీల్డే నడిపిస్తోందనిపిస్తుంది. అయితే జీబ్రాఫిష్‌లో ఏ కణం ఏమవుతుందో 1995లో వూ, ఫ్రేజర్ అనే శాస్త్రవేత్తలు మ్యాప్ గీసినప్పుడు ఒక చిక్కు బయటపడింది. 6 గంటల వయసు పిండంలో ముందు మెదడు కాబోయే కణాలు పైన, యానిమల్ పోల్ అనే కొన దగ్గర ఉంటాయి. వెనుక మెదడు కాబోయేవి మాత్రం షీల్డ్‌కు దూరంగా, రెండు పక్కలా, సొనను కప్పే కణాల టోపీ కింది అంచుకు దగ్గర్లో ఉంటాయి. మరి వీటికి వెనుక మెదడు కమ్మని చెప్పిందెవరు? పక్కనే ఉన్న అంచు కణాలేనా? ఆ ప్రశ్నతో వాళ్లు 1997లో ప్రచురించిన మార్పిడినే మనం ఈ పాఠంలో చేస్తున్నాం.

28.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచితే దాదాపు 6 గంటలకు షీల్డ్ దశ వస్తుంది. అప్పటికి కణాలు టోపీలా సొనను సగం దాకా కప్పి ఉంటాయి, అంచు చుట్టూ మందమైన రింగు ఉంటుంది, ఆ రింగులో ఒకచోట ఉబ్బుగా కనిపించేదే షీల్డ్, అదే వీపువైపు. అది స్పష్టంగా కనిపించేదాకా ఆగండి. దిక్కులు ఊహించుకుని మొదలెడితే తర్వాత ఏ కణాలు తీశారో మీకే తెలియదు.

పొర ఒలిచిన పిండం చాలా నాజూకు. ప్లాస్టిక్‌కు అతుక్కుపోతుంది, గాలి తగిలితే పగిలిపోతుంది, కాబట్టి అడుగున అగరోజ్ అనే జెల్లీ పోసిన డిష్‌లో, లవణ ద్రావణంలో ఎప్పుడూ మునిగే ఉండాలి. అగరోజ్‌లో చిన్న గుంటలు చేసి రంగున్న దాత పిండాన్నీ, రంగులేని గ్రహీత పిండాన్నీ పక్కపక్కనే కూర్చోబెట్టండి. దాతలో షీల్డ్ నుంచి అంచు వెంబడి 90 డిగ్రీలు పక్కకు జరిగిన చోట పైపెట్ మొన గుచ్చాలి. పైన ఒక పలచటి పొర ఉంటుంది, మనకు కావాల్సింది దాని కింది కణాలు. మెల్లగా పీల్చండి. తొందరపడితే సొనకు ఆనుకుని ఉన్న పొర కూడా కలిసి వచ్చేస్తుంది, దానికి పక్క కణాలను ప్రేరేపించే శక్తి సొంతంగానే ఉంది, అది చేరితే పని చేసింది ఏదో చెప్పలేం. పైపెట్‌లో సొన రేణువులు కనిపించాయా, ఆ పిండాన్ని పక్కన పెట్టేసి కొత్తది తీసుకోండి, మొహమాటం వద్దు.

గ్రహీతలో యానిమల్ పోల్ దగ్గర, ముందు మెదడు కాబోయే చోట, కాస్త ఒక పక్కకు వదలండి. రెండో పక్క మామూలుగా ఎదుగుతుంది కాబట్టి పోల్చుకోవడానికి అదే పిండం పనికొస్తుంది. కణాలు పలచటి పొర కిందికి వెళ్లాలి, గాలి బుడగ వెళ్లకూడదు. గాయం పూడేదాకా పిండాన్ని కదపకండి.

తోక మొగ్గ దశ దాటి, అంటే 10 గంటలు దాటి, నడుముకు ఖండాలు పడటం మొదలయ్యాక పిండాన్ని 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో స్థిరపరచి క్రాక్స్20 జన్యువుకు స్టెయిన్ చేయండి. మామూలు పిండంలో ఇది వెనుక మెదడులోని మూడో, ఐదో ఖండాల్లో రెండు చారలుగా కనిపిస్తుంది. కణాలు పెట్టిన చోట, ముందు మెదడు ఉండాల్సిన భాగంలో, అదే జన్యువు వెలిగితే సంబరపడొద్దు. ఇక్కడే అసలు పాఠం ఉంది. ఆ క్రాక్స్20 ఉన్నది రంగున్న కణాల్లోనా, రంగులేని కణాల్లోనా? రంగున్నవాటిలోనే ఉంటే దాత కణాలే వెనుక మెదడు అయ్యాయి, అంతే. రంగులేని గ్రహీత కణాల్లో, పెట్టిన ముక్క చుట్టూ ఉంటేనే దాన్ని ప్రేరణ అనాలి. స్పెమాన్, మాంగోల్డ్ రంగు తేడా ఉన్న రెండు న్యూట్ జాతులను వాడింది సరిగ్గా ఈ తేడా తెలియడానికే. స్టెయిన్ తర్వాత కూడా దాతను గుర్తుపట్టాలంటే వెలిగే రంగైన ఫ్లోరసెంట్ డెక్స్‌ట్రాన్‌తో పాటు, తర్వాత రంగు వేసి చూడగలిగే బయోటిన్ డెక్స్‌ట్రాన్ కూడా ఎక్కించి ఉండాలి, లేకపోతే ఇంత కష్టమూ వృథా.

కంట్రోల్, అంటే పోల్చి చూడటానికి చేసే ప్రయోగం, లేకుండా ఒక్క ఫలితాన్నీ నమ్మకండి. యానిమల్ పోల్ కణాలనే తీసి ఇంకో యానిమల్ పోల్‌లో పెట్టినవి కొన్ని, పైపెట్ గుచ్చి ఏమీ పెట్టనివి కొన్ని, అదే రోజు అదే బ్యాచ్ గుడ్లతో చేయాలి. గుచ్చిన గాయమే జన్యువును కదిలించిందేమో అన్న అనుమానం వీటితోనే తీరుతుంది.

వూ, ఫ్రేజర్‌కు దొరికిన జవాబు ఇదీ: షీల్డ్ కాని పక్క అంచు కణాలు ముందు మెదడు కాబోయేవాటిని వెనుక మెదడు వైపు మళ్లించగలవు. అంటే షీల్డ్ ఒక్కటే మొత్తం నడపడం లేదు. షీల్డ్ నుంచి వచ్చే కార్డిన్ లాంటి ప్రొటీన్లు నాడీ కణజాలం కాకుండా ఆపే బీఎంపీ అనే సంకేతాన్ని అడ్డుకుని నాడీ కణజాలానికి దారి ఇస్తాయి, అందులో ఏది వెనక భాగం కావాలన్నది మాత్రం చాలావరకు అంచు నుంచే వస్తుంది. అంచులో తయారయ్యే వింట్8 అనే సంకేత ప్రొటీన్‌ను తగ్గిస్తే ముందు మెదడు పెద్దదై వెనుక మెదడు కుంచించుకుపోతుంది. యాక్సిన్1 జన్యువు దెబ్బతిన్న మాస్టర్‌బ్లైండ్ చేపల్లో వింట్ సంకేతం అదుపు తప్పి పెరిగిపోయి కళ్లే తయారు కావు. నా దృష్టిలో ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిన ఫలితాలు, వింట్ తగ్గితే ఏమవుతుందో ఒకటి చెబుతుంది, పెరిగితే ఏమవుతుందో ఇంకొకటి.

వచ్చే పాఠంలో అంచు కణాలను పక్కన పెట్టి, వింట్8 తయారుచేసేలా మార్చిన యానిమల్ పోల్ కణాలనే పెట్టి చూస్తాం. ఈలోగా యానిమల్ పోల్ నుంచి యానిమల్ పోల్‌కు మార్పిడి చేస్తూ ఉండండి, మర్నాటి ఉదయానికి ఎక్కువ పిండాలు బతికి ఉన్నాయంటే మీ చేయి కుదిరినట్టే.