బీచ్ దగ్గర రినోవేట్ చేసిన పాత గార్డెన్ ఫ్లాట్ కొనే ముందు ఎలా చెక్ చేసుకోవాలి?

విశాఖపట్నంలో పాండురంగాపురం, చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు పాత అపార్ట్‌మెంట్లలో ముందు చిన్న గార్డెన్ ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్లు లోపలంతా కొత్తగా చేయించి అమ్మకానికి పెడుతుంటారు, చూడ్డానికి వెళ్లినవాళ్లు టైల్స్, మాడ్యులర్ కిచెన్ చూసి అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. తలెత్తి శ్లాబు చూసేవాళ్లే ఉండరు.

టార్చ్, చిన్న సుత్తి, నిచ్చెన చాలు. మేస్త్రీని మీరే తీసుకెళ్లండి, అమ్మేవాళ్లు పంపే మనిషి వద్దు. లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అప్రూవ్డ్ ప్లాన్, జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) పన్ను రసీదు లాయర్‌కి ఇచ్చేయండి. సముద్రానికి 500 మీటర్ల లోపైతే సీఆర్‌జెడ్ (తీరప్రాంతంలో కట్టడాల మీద నియంత్రణ) రూల్స్ కూడా ఉంటాయి, కొత్తగా గది కలిపుంటే పర్మిషన్ కాగితం అడగండి.

వెళ్తే వాన పడిన మర్నాడే వెళ్లాలి. ఎండల్లో చూసింది లెక్కలోకి రాదు.

ఇక శ్లాబు. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. సముద్రపు గాలిలో ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి ఇనుప ఊచల్ని చేరుతుంది, తుప్పు మొదలవుతుంది, ఆ తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ జాగా తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటుని లోపల్నించి తోసి పగలగొడుతుంది, పెచ్చులూడేది అందుకే. తీరప్రాంతపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకి ఐఎస్ 456:2000 అనే కాంక్రీటు ప్రమాణం ప్రకారం ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవర్ (ఊచని కప్పే కాంక్రీటు పొర) ఉండాలి, పాత బిల్డింగుల్లో చాలాచోట్ల అంత కనపడదు.

పెచ్చులూడిన చోట పుట్టీ కొట్టి పెయింట్ వేస్తే కంటికి ఏమీ తెలీదు, చెవికి తెలుస్తుంది. నిచ్చెనెక్కి సుత్తితో జానెడు జానెడు దూరంలో నెమ్మదిగా కొట్టుకుంటూ పొండి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే లోపల పొర విడిపోయినట్టు. బాత్రూం సీలింగు, బాల్కనీ అడుగు, సముద్రం వైపు సన్‌షేడ్లు, బీమ్ అడుగు అంచులు వదలకండి. ఊచ పోయే దారిలోనే తిన్నగా పగులు ఉన్నా, పెయింట్ మీద ఎర్రటి మరక తేలినా అది తుప్పే. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక ముక్క తీయించండి, తీయనివ్వకపోతే ఆ ఫ్లాట్ వదిలేయండి.

మాయిశ్చర్ మీటర్ పట్టుకొచ్చి నంబర్లు చెప్పేవాళ్లుంటారు, అది తడి సంగతి చెప్తుంది, విడిపోయిన పొర సంగతి చెప్పదు. సుత్తే నయం.

డొల్ల దొరికితే రిపేర్ ఎలా చేశారో అడగండి. ఊచ వెనక దాకా కాంక్రీటు కొట్టేసి, తుప్పంతా గీకి, ఊచ సన్నబడితే పక్కన కొత్తది కట్టి, కోటింగ్ వేసి, పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు గార) నింపాలి. అలా చేసినా చుట్టూ ఉప్పు పట్టిన కాంక్రీటు అలాగే వదిలేస్తే ప్యాచ్ అంచునే మళ్లీ తుప్పు లేస్తుంది, అందుకే పని జరిగేటప్పుడు తీసిన ఫోటోలు చూపించమనండి. డొల్ల నాలుగైదు చోట్ల ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత హాఫ్ సెల్ టెస్ట్ (లోపలి ఊచల్లో తుప్పు నడుస్తోందేమో చెప్పే పరీక్ష) చేయించకుండా రూపాయి ఇవ్వొద్దు, పై ఫ్లోర్ల బరువంతా మోసేది మీ ఇంట్లో ఉన్న స్తంభాలే కదా.

గార్డెన్‌లో మట్టి గోడకి ఆనుకుని బేస్‌మెంట్ లెవెల్ దాటి ఉంటే చెమ్మ లోపలికి ఎక్కుతుంది, మట్టి తీయించాల్సిందే. ఆ గార్డెన్ కామన్ ఏరియా అయితే అందరి ఓనర్లదీ, మీ ఒక్కరికే అమ్మే హక్కు అమ్మేవాళ్లకి లేదు, రేటు కట్టేటప్పుడు ఆ గజాలు తీసేసి మాట్లాడండి.