బేస్‌బాల్ మ్యాచ్ ఎన్నింటికి అయిపోతుంది? ముందే లెక్కేసుకోవడం ఎలా

బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నామని చెప్పగానే ఇంట్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నింటికి వస్తారు?" అని. టీ20 అయితే మూడున్నర గంటలు అని తడుముకోకుండా చెప్పేస్తాం, కానీ ఇక్కడ అలా కుదరదు. ఓవర్లు లేవు, ఫుట్‌బాల్‌లోలాగా 90 నిమిషాల గడువూ లేదు. ఒక్కో టీమ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్‌లో మూడు అవుట్లు, అంటే ఒక్కో టీమ్‌వి 27 అవుట్లు పడేదాకా ఆట నడుస్తూనే ఉంటుంది. ఆ మూడు అవుట్లు ఆరేడు బంతుల్లో పడొచ్చు, నలభై బంతులు వేసినా పడకపోవచ్చు. అందుకే గంటలు లెక్కపెట్టకుండా బంతులు, అవుట్లు లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. అప్పుడు మూడో ఇన్నింగ్ అయ్యేసరికే ఇంటికి ఎప్పుడు చేరతారో పది పదిహేను నిమిషాల తేడాతో చెప్పేయొచ్చు.

ముందు ఒక పాత నమ్మకాన్ని పక్కన పెట్టేద్దాం. "బేస్‌బాలా, మూడున్నర గంటలు పడుతుంది, నిద్రొస్తుంది" అని ఎవరైనా అంటే వాళ్లు 2023కి ముందు చూసి ఉంటారు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో, అంటే ఎంఎల్‌బీలో, తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున 2021లో 3 గంటల 10 నిమిషాలు నడిచేది. 2023కి అది 2 గంటల 40 నిమిషాలకి పడిపోయింది, ఆ తర్వాత కూడా 2 గంటల 35 నుంచి 40 నిమిషాల మధ్యే ఉంటోంది. దాదాపు అరగంట మాయమైంది, అదీ రెండేళ్లలో. నేను మొదటిసారి వెళ్లింది ఆ పాత రోజుల్లోనే. ఎనిమిదో ఇన్నింగ్‌కే మూడు గంటలు దాటిపోయి, పక్క సీట్లో కూర్చున్నాయన హాయిగా గురక పెట్టాడు, ఆయన్ని తప్పు పట్టలేను.

ఆ అరగంట ఎక్కడికి పోయిందంటే, దానికి ముఖ్య కారణం పిచ్ క్లాక్, అంటే బంతి వేయడానికి గడువు చూపించే గడియారం. ఇది 2023లో వచ్చింది. బేస్‌ల (పరుగు తీసేవాళ్లు ఆగే చోట్ల) మీద ఎవరూ లేకపోతే పిచర్ (బంతి వేసేవాడు) 15 సెకన్లలో బంతి వేసే పని మొదలుపెట్టాలి, రన్నర్లు ఉంటే 18 సెకన్లలో (మొదటి ఏడాది ఇది 20 ఉండేది, 2024లో తగ్గించారు). ఆలస్యం చేస్తే పిచర్‌కి శిక్షగా ఒక బాల్ (బ్యాటర్‌కి లాభించే చెడు బంతి లెక్క) ఇస్తారు. బ్యాటర్‌నీ వదల్లేదు, క్లాక్‌లో ఇంకా 8 సెకన్లు ఉండగానే సిద్ధంగా నిలబడాలి, లేకపోతే ఊరికే ఒక స్ట్రైక్ (మూడు పడితే అవుట్) పడుతుంది. టైమ్ అవుట్ కూడా ఒక్కో బ్యాటింగ్‌కి ఒక్కసారే. అంతకుముందు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒక్కో బంతి తర్వాత బ్యాటర్ బయటికొచ్చి గ్లవ్స్ విప్పి మళ్లీ కట్టుకుని, ఆకాశం వంక చూసి, బ్యాట్‌ని రెండు సార్లు తిప్పి, అప్పుడు లోపలికి అడుగు పెట్టేవాడు. తమాషా ఏంటంటే బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు 12 సెకన్లలో వేయాలన్న నియమం రూల్ పుస్తకంలో అంతకుముందూ ఉంది, కాకపోతే ఎవరూ అమలు చేయలేదు. గోడ మీద అందరికీ కనిపించేలా గడియారం పెట్టాక గానీ కదలిక రాలేదు.

రెండు జట్లూ కలిపి ఒక మ్యాచ్‌లో దగ్గర దగ్గర 300 బంతులు పడతాయి. ఒక్కో బంతికి ఆరు సెకన్లు మిగిలినా అరగంట మిగిలినట్టే, లెక్క అంత సింపుల్.

సరే, ఇప్పుడు అసలు పద్ధతికి వద్దాం. ఒక ఇన్నింగ్‌కి, రెండు జట్ల బ్యాటింగూ కలిపి, 17 నుంచి 18 నిమిషాలు అనుకోండి. 7:10కి మొదలయ్యే మ్యాచ్ అయితే 9:50 దగ్గర అయిపోవాలి, 6:40 అయితే 9:20. టికెట్ మీద 7:05, 7:10 అని వింతగా ఉంటుంది కదా, అది మొదటి బంతి పడే టైమ్, అక్కడి నుంచే లెక్క. ఇది మొదటి అంచనా మాత్రమే, మైదానంలో కూర్చున్నాక సరిచేసుకోవాలి.

సరిచేయడానికి స్కోర్‌బోర్డ్‌లో రన్స్ చూడకండి, పిచర్ వేసిన బంతుల సంఖ్య చూడండి. పెద్ద తెర మీద ఎక్కడో ఒక మూల ఉంటుంది, ఫోన్‌లో లైవ్ స్కోర్‌లోనూ ఉంటుంది. ఒక ఇన్నింగ్‌కి 15, 16 బంతులు వేస్తున్నాడంటే ఆట మామూలు వేగంతో పోతున్నట్టు. మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి ఇద్దరు పిచర్లూ 40 లోపు ఉన్నారంటే మ్యాచ్ రెండున్నర గంటల్లోపే అయిపోవచ్చు, పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లి వచ్చేలోపు ఒక ఇన్నింగ్ పోతుంది జాగ్రత్త. ఇద్దరూ 60 దాటారంటే మూడు గంటలకి సిద్ధపడండి, ఎందుకంటే ఆ పిచర్లు ఐదో ఇన్నింగ్‌కల్లా అలసిపోతారు, ఒకరి తర్వాత ఒకరు కొత్తవాళ్లు వస్తారు, కొత్తవాడు వచ్చిన ప్రతిసారీ వార్మప్‌కి రెండు నిమిషాలు పైనే పోతుంది.

చాలామంది హోమ్ రన్లు ఎక్కువ పడితే మ్యాచ్ లేటవుతుంది అనుకుంటారు. నిజానికి హోమ్ రన్ అంటే ఒక్క బంతి పని, కొట్టినవాడు చుట్టూ పరిగెత్తి వచ్చేస్తాడు. టైమ్ తినేది వాక్‌లు, ఫౌల్ బంతులు (గీతల బయటికి కొట్టినవి). నాలుగు బాల్స్ పడి బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కి పోవడం, తర్వాతి బ్యాటర్ ఎనిమిది బంతులు ఫౌల్ కొట్టి మళ్లీ నడుచుకుంటూ పోవడం, అప్పుడు కోచ్ తీరిగ్గా మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) దగ్గరికి వచ్చి పిచర్‌తో మాట్లాడటం... ఇలాంటి ఇన్నింగ్ ఒక్కటి పడితే చాలు, మీ లెక్కకి పావుగంట కలుపుకోవాలి. ఆ మౌండ్ దగ్గరి కబుర్లకి కూడా ఇప్పుడు హద్దు ఉంది, 2018లో మ్యాచ్‌కి ఆరుసార్లు అని పెట్టి, తగ్గిస్తూ 2024కి నాలుగు చేశారు. వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్ పూర్తయ్యేదాకా ఉండాలి అని 2020లో ఇంకో నియమం తెచ్చారు, అంతకుముందు ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో పిచర్‌ని మార్చే మేనేజర్లు (జట్టు హెడ్ కోచ్‌లు) ఉండేవాళ్లు.

ఏం చేసినా తగ్గనిది ఒకటుంది, ఇన్నింగ్స్ మధ్య విరామం. ఒక్కోటి 2 నిమిషాల 15 సెకన్లు, పూర్తి మ్యాచ్‌లో అలాంటివి 17 వస్తాయి, అంటే 38 నిమిషాలు టీవీ యాడ్స్‌కే. ప్లేఆఫ్స్‌లో ఈ విరామాలు ఇంకా పొడుగు, దానికితోడు మేనేజర్లు ప్రతి బంతికీ టెన్షన్ పడి పిచర్లని మారుస్తారు, కాబట్టి అక్టోబర్ మ్యాచ్ అయితే మీ అంచనాకి మొదట్లోనే 20, 25 నిమిషాలు కలిపేయండి.

కొన్నిసార్లు టైమ్ కలిసొస్తుంది కూడా. తొమ్మిదో ఇన్నింగ్ మొదటి సగం అయ్యేసరికి హోమ్ టీమ్ ముందుంటే రెండో సగం ఆడరు, అక్కడితో ఖేల్ ఖతం, ఎనిమిది తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. ఒకవేళ స్కోరు సమంగా ఉండి, ఆ రెండో సగంలో హోమ్ టీమ్ ఒక్క రన్ ఆధిక్యం తెచ్చుకుంటే ఆ క్షణమే మ్యాచ్ ముగుస్తుంది, మిగతా అవుట్లతో పని లేదు. డెన్వర్‌లో చూస్తుంటే మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ ఊరు సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తులో ఉంది, గాలి పల్చన, బంతి ఎక్కువ దూరం పోతుంది, పిచర్ల బంతి సరిగ్గా తిరగదు, అవుట్లు రావడం కష్టం.

తొమ్మిది తర్వాత కూడా సమంగా ఉంటే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్. అమెరికాలో ఇప్పుడు డ్రా అని ఇంటికి పంపించరు. 1981లో పాటకెట్, రోచెస్టర్ మైనర్ లీగ్ (ఎంఎల్‌బీకి కింది స్థాయి) జట్ల మ్యాచ్ 33 ఇన్నింగ్స్ సాగింది. ఏప్రిల్ 18 రాత్రి మొదలై తెల్లవారుజామున నాలుగు దాటాక 32 ఇన్నింగ్స్ దగ్గర ఆపేశారు, మళ్లీ జూన్ 23న వచ్చి 18 నిమిషాల్లో ముగించారు. మొత్తం 8 గంటల 25 నిమిషాలు. ఎంఎల్‌బీలో అయితే 1984లో షికాగో వైట్ సాక్స్, మిల్వాకీ బ్రూవర్స్ మధ్య 25 ఇన్నింగ్స్, 8 గంటల 6 నిమిషాలు, అదీ రెండు రోజుల్లో. ఇలాంటివి ఇప్పుడు జరగకూడదనే 2020 నుంచి రెగ్యులర్ సీజన్‌లో పదో ఇన్నింగ్ నుంచి రెండో బేస్ మీద ఒక రన్నర్‌ని ముందే నిలబెడుతున్నారు. పాతకాలం అభిమానులకి ఇది నచ్చదు, నాకైతే నచ్చింది, ఎందుకంటే ఒకసారి ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ చూస్తూ కూర్చుని ఆఖరి రైలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు చాలావరకు పది, పదకొండుతో తేలిపోతాయి. ఒక్కో అదనపు ఇన్నింగ్‌కి 15, 20 నిమిషాలు కలుపుకోండి.

ప్లేఆఫ్స్‌లో ఆ రన్నర్ ఉండడు, ఇది మర్చిపోవద్దు. 2018 వరల్డ్ సిరీస్ (ఎంఎల్‌బీ ఫైనల్ సిరీస్) మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్, 7 గంటల 20 నిమిషాలు. 2025లోనూ అచ్చం అదే, వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్, మళ్లీ లాస్ ఏంజెలెస్‌లోనే, మళ్లీ 18 ఇన్నింగ్స్, కాకపోతే పిచ్ క్లాక్ పుణ్యమా అని 6 గంటల 39 నిమిషాల్లో వదిలారు. అదే 1920లో బ్రూక్లిన్, బోస్టన్ జట్లు 26 ఇన్నింగ్స్‌ని 3 గంటల 50 నిమిషాల్లో ఆడేశాయి, ఇద్దరు పిచర్లూ మొదటి నుంచి చివరిదాకా వాళ్లే వేశారు. చీకటి పడిందని 1-1తో ఆపేశారు. అంతకు ఏడాది ముందు న్యూయార్క్ జెయింట్స్ ఒక పూర్తి మ్యాచ్‌ని 51 నిమిషాల్లో ముగించింది. 51! ఇప్పుడు ఆ టైమ్‌కి మూడో ఇన్నింగ్ నడుస్తూ ఉంటుంది.

వాన సంగతి వేరు. రికార్డుల్లో మ్యాచ్ నిడివి 2:41 అని రాసి ఉంటే అందులో వాన వల్ల ఆగిన సమయం కలపరు, పక్కన విడిగా ఇస్తారు. సగటులు చూసి ప్లాన్ చేసుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు, మీరు సీట్లో కూర్చున్నది నాలుగున్నర గంటలు కావచ్చు. ఐదు ఇన్నింగ్స్ పూర్తయితే అది అధికారికంగా మ్యాచ్ కిందే లెక్క, అందుకని అప్పటికే ఐదు దాటి వాన జోరుగా ఉంటే ఎదురుచూడకుండా లేచిపోవచ్చు, దాటకపోతే ఓపిక పట్టాలి. మిల్వాకీ, హ్యూస్టన్, సియాటిల్, మయామీ లాంటి చోట్ల పైకప్పు మూసే స్టేడియాలు ఉన్నాయి, అక్కడ ఈ బాధ లేదు.

ఒకవేళ జపాన్ లీగ్ చూస్తుంటే మూడు గంటలు దాటుతుందనే అనుకోండి, కానీ రెగ్యులర్ సీజన్‌లో 12 ఇన్నింగ్స్‌తో ఆపేసి డ్రా ఇస్తారు. కొరియాలో 2025 నుంచి పిచ్ క్లాక్ వచ్చింది, అక్కడ 11తో ఆపేస్తారు.

పిల్లలతో వెళ్తే ఏడో ఇన్నింగ్ మధ్యలో అందరూ లేచి నిలబడే విరామాన్ని గుర్తు పెట్టుకోండి, అక్కడికి ఇంకా ముప్పావుగంట ఆట మిగిలి ఉంటుంది, బయటికి పోవాలంటే పార్కింగ్ ఖాళీగా దొరికే టైమ్ అదే. నేనైతే 7:10 మ్యాచ్‌కి ఇంట్లో "పదింటికి స్టేడియం నుంచి బయల్దేరతాం" అని చెప్తాను, మూడో ఇన్నింగ్ అయ్యాక బంతుల లెక్క చూసి తొమ్మిదిన్నరో పదిన్నరో అని ఒక మెసేజ్ పెడతాను.