పాతబస్తీ ఫొటో నడక – 4వ పాఠం: చార్మినార్‌కు దూరం జరగండి

పోయిన పాఠం చదివి గెస్టులను, అంటే ఫొటోల కోసం డబ్బు కట్టి వచ్చేవాళ్లను, వెంటబెట్టుకుని నడక మొదలుపెట్టినవాళ్లు పంపిన ఫొటోలన్నీ చూశాను. దాదాపు అన్నింటిదీ ఒకటే జబ్బు. వెనక చార్మినార్ మసిబారిన దిమ్మెలా ఉంది, ముందున్న జంట ముఖాలు బొగ్గులా ఉన్నాయి. "మీరు చెప్పినట్టే పొద్దున 7 గంటలకే వెళ్లామండీ" అని అందరూ రాశారు. వెళ్లారు సరే, ఎటువైపు నిలబడ్డారు? గుల్జార్ హౌజ్ వైపు, అంటే ఉత్తరాన.

తప్పు సగం నాదే. నయాపూల్ నుంచి పత్తర్‌గట్టి మీదుగా, మచిలీ కమాన్ కింద నుంచి రమ్మన్నాను. అలా వస్తే మొదట ఎదురయ్యేది చార్మినార్ ఉత్తరపు ముఖం. దాన్ని చూసి ముచ్చటపడమన్నాను గానీ అక్కడే కెమెరా తీయమనలేదు. ఆ మాట విడమరచి చెప్పి ఉండాల్సింది.

చార్మినార్ నాలుగు కమాన్లూ నాలుగు దిక్కులకు తిరిగి ఉంటాయి. 1591లో కట్టినవాళ్లు ఊరి నడుమ పెద్ద దిక్సూచి పెట్టి వెళ్లారనుకోండి. ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి జరిగేది మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకానే. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం వరకూ ఉత్తరపు ముఖం మీద నేరుగా ఎండ పొడే పడదు. గెస్టులు ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. కాబట్టి పొద్దున సర్దార్ మహల్ ఉన్న తూర్పు వైపు నుంచి తీయండి, సాయంత్రమైతే లాడ్ బజార్ ఉన్న పడమటి వైపు నుంచి. నేను సాయంత్రం షూట్లు ఒప్పుకోను. గాజుల దుకాణాల రద్దీలో గెస్టును వెతుక్కోవడానికే సగం సమయం పోతుంది.

మరి ఉత్తరపు వైపు దండగేనా? కాదు. పత్తర్‌గట్టి రాతి వరండాల నీడలో ముఖాలు చాలా మెత్తగా వస్తాయి. అక్కడ ముఖాలు మాత్రం తీయండి, చార్మినార్ జోలికి పోకండి.

బ్యాటరీ, కార్డు, చెప్పులు, మంచినీళ్లు... ఇవి చెప్పను. శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదు పరిసరాల్లో షూట్ పెట్టకూడదని కూడా వేరే చెప్పాలా?

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతికి వస్తాను. గైడు చెయ్యి చాపి "అక్కడికెళ్లి నిలబడండి మేడమ్" అంటాడు. ఆవిడ పాపం నడుచుకుంటూ పోయి చార్మినార్ కాళ్ల దగ్గర నిలబడుతుంది. ఇతను ఇక్కడి నుంచి క్లిక్ మంటాడు. మినార్ ఎత్తు 56 మీటర్లు, ఆవిడ ఎత్తు 1.7 మీటర్లు అనుకుందాం. ఫొటోలో ఆవిడ మినార్‌లో ముప్పై మూడో వంతు. డబ్బు కట్టి వచ్చింది చీమలా కనబడడానికా?

నిలబెట్టాల్సింది కట్టడం దగ్గర కాదు, మీ దగ్గర. మీరు చార్మినార్‌కు 100 మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. గెస్టు మీకు 3 మీటర్లలో ఉంటే ఫొటోలో ఆవిడా మినారూ ఒకే ఎత్తు. 6 మీటర్లలో ఉంటే ఆవిడ మినార్‌లో సగం. 10 మీటర్లకు మూడో వంతుకు కాస్త తక్కువ. నాకు 6 ఇష్టం. 3 మీటర్లలో నిలబెడితే గెస్టు చార్మినార్‌తో పోటీకి దిగినట్టుంటుంది.

ఆ 100 మీటర్లు ఎందుకంటే, దగ్గరకు పోతే మినార్ల తలలు తెగుతాయి. తెగకూడదని ఫోనును వెనక్కి వంచుతారు. వంచగానే నాలుగు మినార్లూ లోపలికి వాలి, తాగినవాళ్లలా ఒకరిమీద ఒకరు పడుతుంటాయి. మామూలు ఫోను కెమెరాను, జూమ్ 1 అంకె మీద ఉంచి, నిలువుగా, ఏమాత్రం వంచకుండా పట్టుకుంటే 80 మీటర్ల అవతల నుంచి మినార్ కొస దాకా పడుతుంది. కింద మిగిలే రోడ్డును తరవాత కత్తిరించుకోవచ్చు. దయచేసి 0.5 నొక్కకండి. అంచున ఉన్నవాళ్ల చేతులు సొరకాయల్లా సాగుతాయి.

వంచారో లేదో తెలుసుకోవడానికి నా కిటుకు ఒకటి. 1889లో నాలుగు వైపులా గడియారాలు పెట్టారు కదా, కమానుకు ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో ఆ గడియారాన్ని పెద్దది చేసి చూడండి. గుండ్రంగా ఉంటే మీ చెయ్యి నిటారుగా ఉన్నట్టు. కోడిగుడ్డులా ఉంటే మళ్లీ తీయండి.

తూర్పు వైపు నుంచి తీసేటప్పుడు ఎండ గెస్టు కళ్లలో పడుతుంది, కళ్లు చికిలిస్తారు. నల్ల కళ్లద్దాలు వద్దు. కళ్లు మూసుకోమని, మూడు లెక్కపెట్టి, తెరవగానే తీయండి. రెండో ఫొటోకు ఆలస్యమైపోతుంది.

అభ్యాసం: గెస్టులు లేని రోజు ఒక స్నేహితుడిని బతిమాలి తీసుకెళ్లండి. పొద్దున 7:30, మధ్యాహ్నం 12, సాయంత్రం 4:30. మూడు వేళల్లో నాలుగు దిక్కుల నుంచీ ఒక్కొక్కటి, మొత్తం 12 ఫొటోలు. ప్రతిసారీ చార్మినార్ దగ్గర నుంచి 130 అంగలు లెక్కపెట్టి వెనక్కి నడవాలి, స్నేహితుడు 6 మీటర్లలో ఉండాలి. దారికి ఏదైనా అడ్డమొస్తే ఎన్ని అంగల దగ్గర ఆగారో రాసుకోండి. కత్తిరించకుండా పంపండి, గడియారం నేను చూసుకుంటాను.

లాడ్ బజార్‌లో మూసి ఉన్న షట్టర్ల ముందు జంటలను ఎలా నిలబెట్టాలో 5వ పాఠంలో చెబుతాను. ఈ 12 పంపనివాళ్లు దాన్ని తెరవకండి.