వైరస్‌ని తలుపు దగ్గరే ఆపే ఇంజెక్షన్ మీకు అవసరమా? హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చినవాళ్లు ఇలా తేల్చుకోండి

కోనసీమలోనూ నరసాపురం వైపూ చాలామందికి తమకు హెపటైటిస్ బి ఉందని తెలిసేది జబ్బు చేసి కాదు, కువైట్‌కో దుబాయ్‌కో వీసా కోసం మెడికల్‌కి వెళ్లినప్పుడు. ఒంట్లో ఏ బాధా ఉండదు, పొలం పనికీ చెరువు పనికీ మామూలుగానే వెళ్తుంటారు, రిపోర్టులో మాత్రం హెచ్‌బీఎస్‌ఏజీ (రక్తంలో కనిపించే ఈ వైరస్ పైపొర ప్రోటీన్, అంటే యాంటిజెన్) పాజిటివ్, అన్‌ఫిట్ అని ఉంటుంది. ఇక టెన్షన్ మొదలు. ఆ రాత్రికే ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపుతారు: వైరస్‌ని కాలేయంలోకి వెళ్లకుండా ఆపేసే ఇంజెక్షన్ యూరప్‌లో వచ్చిందట, ఎలాగోలా తెప్పించుకో అని.

మందు నిజమేనండి. పేరు బులెవిర్టైడ్. అమ్మే పేరు హెప్‌క్లూడెక్స్. అప్పు చేసి తెప్పించే ముందు అది ఎలా పనిచేస్తుందో కాస్త ఓపిగ్గా తెలుసుకోండి, అవసరమా కాదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

కాలేయ కణాల మీద ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్ ఉంటుంది. పైత్యరసంలోని ఆమ్లాలను రక్తంలోంచి తిరిగి కణంలోకి లాక్కోవడం దాని అసలు పని. హెపటైటిస్ బి వైరస్ ఇదే తలుపులోంచి లోపలికి దూరుతోందని బీజింగ్‌లోని శాస్త్రవేత్తలు 2012లో కనిపెట్టారు. వైరస్ పైపొరలో ఈ ప్రోటీన్‌కి అతుక్కునే ముక్క ఒకటుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఆ ముక్కనే నమూనాగా తీసుకుని 47 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు తయారుచేశారు, అదే బులెవిర్టైడ్. అది ముందే వెళ్లి తలుపుకి అతుక్కుంటే వైరస్‌కి చోటుండదు. పైత్య ఆమ్లాలకీ అదే దారి కాబట్టి మందు వాడేవాళ్ల రక్తంలో అవి పెరుగుతాయి, కొందరికి దురద కూడా వస్తుంది.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. ఈ మందు ఆపేది కొత్త కణాల్లోకి ప్రవేశాన్ని మాత్రమే. ఎప్పుడో లోపలికి పోయి కణ కేంద్రకంలో స్థిరపడ్డ వైరస్ జన్యువుని అది తాకదు. అందుకే దీన్ని అనుమతించింది ఒక్క హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి కాదు, బి తో పాటు హెపటైటిస్ డి కూడా ఉన్నవాళ్లకి. డి అనేది బి పైపొరను అరువు తెచ్చుకుని బతికే వైరస్, బి లేనిదే వ్యాపించలేదు, కానీ రెండూ కలిస్తే కాలేయం చాలా త్వరగా గట్టిపడిపోతుంది. యూరప్‌లో 2020లో షరతులతో అనుమతి ఇచ్చి 2023లో పూర్తి అనుమతి ఇచ్చారు. అమెరికా మాత్రం 2022లో తయారీకి సంబంధించిన అభ్యంతరాలతో వెనక్కి పంపింది. రోజూ 2 మిల్లీగ్రాములు చర్మం కింద పొడుచుకోవాలి. ప్రధాన పరీక్షలో 48 వారాల తర్వాత ఈ మోతాదు వాడినవాళ్లలో 45 శాతం మందికి వైరస్ బాగా తగ్గి కాలేయ ఎంజైము కూడా మామూలుకి వచ్చింది, మందు వాడనివాళ్లలో అది 2 శాతమే. మంచి ఫలితమే, కానీ పూర్తిగా నయమైపోయిందని దానర్థం కాదు.

కాబట్టి మీరు డాక్టర్‌ని అడగాల్సిన మొదటి మాట, "నాకు డి కూడా ఉందా?" యాంటీ హెచ్‌డీవీ పరీక్ష (డి వైరస్ ఎప్పుడైనా సోకిందో లేదో చూసేది) చేయించండి. అది పాజిటివ్ వస్తే హెచ్‌డీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష (ఆ వైరస్ ఇప్పుడు రక్తంలో ఉందో లేదో చూసేది). మన దేశంలో డి తక్కువే, చాలామందికి నెగటివ్ వస్తుంది. నెగటివ్ వచ్చిందా, ఆ వాట్సాప్ మెసేజ్ సంగతి వదిలేయండి.

తర్వాత బి సంగతి. ఆరు నెలల తర్వాత కూడా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలికం అంటారు. పెద్దయ్యాక సోకినవాళ్లలో చాలామందికి దానంతటదే పోతుంది, పుట్టినప్పుడు తల్లినుంచి సోకితే మాత్రం దాదాపు 90 శాతం మందిలో ఉండిపోతుంది. హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో బి వైరస్ ఎంతుందో చెప్పేది), ఎస్‌జీపీటీ (కాలేయ ఎంజైము), హెచ్‌బీఈఏజీ (వైరస్ చురుగ్గా పెరుగుతోందా అని చెప్పే మరో యాంటిజెన్), కడుపు స్కాన్, వీలైతే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో చూసే స్కాన్), వీటిని చూసి మందు ఇప్పుడే కావాలా లేక గమనిస్తూ ఉంటే చాలా అని డాక్టర్ చెబుతారు. కావాలంటే టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ, రోజుకో మాత్ర. ఇవి తలుపు మూయవు, లోపల వైరస్ తన నకళ్లు తీసుకోకుండా ఆపుతాయి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితం, మీకు దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో జిల్లా ఆసుపత్రిలో అడగండి. బాగానే ఉంది కదా అని మధ్యలో మీ అంతట మీరు ఆపేయకండి, జబ్బు ఒక్కసారిగా తిరగబెడుతుంది.

పసరు మందు గురించి చెప్పకపోతే మనవాళ్లు ఊరుకోరు. నేల ఉసిరి మీద 1988లో మద్రాసు వైద్యులు ఆశ కలిగించే ఫలితాలు ప్రచురించిన మాట వాస్తవం, తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో అవి నిలబడలేదు. కలుషితమైన కాలవ నీళ్లవల్ల వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. చేతిమీద వాతలు పెట్టించుకోవడం, కళ్లలో పసరు పోయించుకోవడం అయితే అస్సలు వద్దు.

ఇక ఇంట్లోవాళ్లు. వైరస్‌ని ప్రవేశంలోనే ఆపే పద్ధతి నిజంగా పనికొచ్చేది వీళ్లకే, పైగా చవక కూడా, అదే టీకా. టీకావల్ల పుట్టే యాంటీబాడీలు వైరస్ పైపొరకి అతుక్కుని దాన్ని కణం దాకా పోనివ్వవు. భార్యాపిల్లలు, అమ్మానాన్నలు, అన్నదమ్ములు అందరికీ ముందు హెచ్‌బీఎస్‌ఏజీ చేయించి, నెగటివ్ వచ్చినవాళ్లకి సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన మూడు డోసులు వేయించండి. మూడో డోసు దగ్గరే అందరూ బద్ధకిస్తారు. అది అయిన ఒకటి రెండు నెలలకి భార్యకో భర్తకో యాంటీ హెచ్‌బీఎస్ (టీకావల్ల పుట్టిన యాంటీబాడీలు ఎంతున్నాయో చెప్పే పరీక్ష) చేయిస్తే మంచిది, 10 యూనిట్లు దాటితే రక్షణ వచ్చినట్టే.

ఇంట్లో గర్భిణి పాజిటివ్ అయితే పురుడు ఆసుపత్రిలోనే, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పి. బిడ్డకి పుట్టిన 24 గంటల్లోపు టీకా, దానితోపాటు వీలైతే 12 గంటల్లోపే హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) పడాలి. తల్లి పాలివ్వచ్చు. కలిసి తినొచ్చు, ఒకే మంచం మీద పడుకోవచ్చు, కంచం వేరు పెట్టి మనిషిని బాధపెట్టకండి. రేజరు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వారికే. ఈ వైరస్ ఒంటి బయట వారం రోజులు బతకగలదు, అందుకే మంగలి షాపులో కొత్త బ్లేడు అడగడానికి, ఆర్‌ఎంపీ దగ్గర సూది కళ్లముందే విప్పమనడానికి, తీర్థాల్లో పచ్చబొట్టు వద్దనడానికి మొహమాటపడకండి.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఇంకో సంగతి. పాజిటివ్ ఉన్నవాళ్లు టీకా వేయించుకుంటే నెగటివ్ అవదు, అలా చెప్పి డబ్బులు గుంజే ఏజెంట్లున్నారు. నెగటివ్ ఉన్నవాళ్లు మాత్రం మెడికల్‌కి సరిగ్గా ముందు టీకా వేయించుకోకండి, టీకాలో ఉండేది ఆ యాంటిజెనే కాబట్టి కొందరికి రెండు మూడు వారాల దాకా పరీక్షలో పాజిటివ్ చూపించవచ్చు. నెల రోజులు తేడా ఉంచండి.