లోకల్ స్టేషన్ చరిత్ర రాయాలంటే ముందు తారీఖులు విడదీయండి

హైదరాబాద్ లోకల్ రైళ్ల (ఎంఎంటీఎస్) స్టేషన్లలో దేని చరిత్ర రాయబోయినా ముందు కాగితం మీద ఐదు గడులు గీసుకోండి: లైను పడ్డ ఏడాది, స్టేషన్ పెట్టిన ఏడాది, ఇప్పుడున్న భవనం, గేజ్ (పట్టాల మధ్య వెడల్పు) మార్పిడి, లోకల్ రైళ్లు మొదలైన రోజు. తప్పులు ఎక్కువగా వీటిని కలిపేయడం వల్లే వస్తాయి. బేగంపేట మీదుగా వెళ్లే వాడి–సికింద్రాబాద్ లైను 1874 నాటిది. ఎంఎంటీఎస్ మొదలైంది 2003 ఆగస్టు 9న. స్టేషన్లను ఆధునీకరించే అమృత్ భారత్ పథకం కింద మార్చిన బేగంపేట స్టేషన్‌ని 2025 మేలో ప్రారంభించారు. లైను వయసు స్టేషనుకు అంటగట్టి ‘నూటయాభై ఏళ్ల స్టేషన్’ అనేస్తే పేరు గొప్పగానే ఉంటుంది కానీ, ఆధారం దొరికేదాకా ఆ రెండో గడి ఖాళీగా వదిలేయడమే మేలు.

ఇక ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లండి. పాత షెడ్డు స్తంభాలు, కంచె గుంజలు చాలాచోట్ల పట్టాల ముక్కలే. పట్టా నడుం భాగంలో తయారీ కంపెనీ పేరు, ఏడాది, బరువు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. రంగు పూతల కింద పూడుకుపోయి ఉంటే ఫోన్ టార్చి ఎదురుగా కాదు, పక్కనుంచి ఏటవాలుగా వేయండి, అక్షరాలు తేలతాయి. అయితే ఆ ఏడాది పట్టాది, షెడ్డుది కాదు. లైనులో అరిగిపోయాక తీసినవే గుంజలుగా పాతుతారు. కాబట్టి ‘ఈ గుంజ అంతకుముందు పాతింది కాదు’ అన్నంతవరకే రాయొచ్చు. ఇంకో ముక్క చూద్దామని పట్టాల మీదికి దిగకండి, రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం.

కాచిగూడ లెక్క వేరు. 1916 నాటి ఆ స్టేషన్ మీటర్ గేజ్‌ది, అంటే పట్టాల మధ్య 1000 మి.మీ. ఇప్పుడున్న బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. దాని పాత కాగితాలు గోదావరి వ్యాలీ లైను పేరుతో వెతకాలి.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలు చూసేటప్పుడు ఫసలీ సంవత్సరాలతో (అప్పటి సర్కారు లెక్కల ఏడాది) జాగ్రత్త. 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుంది. 1326 ఫసలీ అంటే 1916–17. ఫసలీ ఏడాది రెండు ఇంగ్లీషు ఏళ్ల మీదుగా నడుస్తుంది కాబట్టి ఒక్క ఏడాదే వేస్తే తప్పొచ్చు, రెండూ వేయండి. 1951 నవంబరు తర్వాతి సమాచారం సెంట్రల్ రైల్వే పేరు మీద, 1966 అక్టోబరు 2 తర్వాతిది దక్షిణ మధ్య రైల్వే పేరు మీద అడగాలి.

శిలాఫలకం ఫొటో తీస్తే అది శంకుస్థాపనదో, ప్రారంభోత్సవానిదో ఫొటో పేరులోనే రాసిపెట్టుకోండి.