తెల్లవారుజామున గుంటూరు నుంచి బెజవాడ: స్టీరింగ్ మీద కునుకు పడకుండా ఏం చేయాలి

గుంటూరులో రాత్రి ముహూర్తం పెళ్లి చూసుకుని, మూడున్నరకి బెజవాడ బయల్దేరేవాళ్ల కోసం ఇది. ముప్ఫై చిల్లర కిలోమీటర్లే కదా, లాగించేద్దాం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. పెదకాకాని దాటడం గుర్తుంది, కాజ టోల్‌గేట్ లైట్లు గుర్తున్నాయి, మధ్యలో నాగార్జున యూనివర్సిటీ ఎప్పుడు పోయిందో తెలీదు. మా ఆవిడ "ఏవండీ!" అని అరిస్తే చూసుకున్నా, ఎడమ టైర్లు తెల్లగీత దాటి మట్టిలో నడుస్తున్నాయి.

పట్టుదలతో నిద్ర ఆపుకోవచ్చన్న నమ్మకాన్ని ముందు వదిలేయండి. మన మెలకువ మెదడు కాండం (మెదడుని వెన్నుపాముతో కలిపే భాగం) నుంచి పైకి వెళ్లే సిగ్నళ్ల మీద ఆధారపడి ఉంటుంది. 1949లో మొరూజీ, మాగూన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లుల మెదడులో ఆ చోటికి కరెంటు తగిలిస్తే మగత తరంగాలు పోయి మెలకువ తరంగాలు వచ్చాయి. ఆ మెలకువ జట్టుని అణిచే నిద్ర కణాలు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చోట, ముందు భాగంలో ఉంటాయి. రెండు జట్లూ ఒకదాన్నొకటి నొక్కుతుంటాయి కాబట్టి ఇటో అటో టక్కున పడిపోవడమే తప్ప మధ్యలో ఎక్కువసేపు నిలబడటం ఉండదు. పైగా పగలంతా మెదడులో పోగైన అడెనోసిన్ అనే రసాయనం నిద్రవైపే లాగుతుంది, శరీరంలోని గడియారం కూడా ఆ వేళకి అటే మొగ్గుతుంది. 80 స్పీడులో మూడు సెకన్లు కళ్లు మూతపడితే బండి సుమారు 67 మీటర్లు దానంతటదే పోతుంది.

గుర్తుపట్టడం ఎలాగంటే, గత రెండు కిలోమీటర్లు గుర్తు రాకపోయినా, బండి లైను మారుతున్నా, ఒకే బోర్డు రెండుసార్లు చదివినా పని అయిపోయినట్టే. అద్దం దించడం, పాటలు పెంచడం దండగ. కొత్త చప్పుడుకి మెదడు ఒకసారి ఉలిక్కిపడుతుంది, కాసేపటికే అలవాటు పడిపోతుంది.

వెలుతురున్న పెట్రోల్ బంకులో బండి ఆపండి, హైవే అంచున మాత్రం వద్దు. ముందు కాఫీ తాగండి (చిన్న గ్లాసు టీలో కెఫీన్ తక్కువ), వెంటనే ఇంజన్ ఆపి, అద్దం కాస్త దించి, సీటు వెనక్కి వాల్చి 20 నిమిషాలకి అలారం పెట్టుకుని పడుకోండి. కాఫీ తాగాక పడుకోవడమేంటని నవ్వుతారు గానీ, కెఫీన్ అడెనోసిన్‌ని తుడిచేయదు, అది కూర్చునే కుర్చీలో తాను కూర్చుంటుంది అంతే, ఆ కుర్చీ పట్టడానికి దానికి అరగంట దాకా పడుతుంది. ఈలోపు కునుకు కాస్త అడెనోసిన్‌ని తగ్గిస్తుంది. అరగంట దాటిస్తే గాఢనిద్రలోకి జారి, లేచాక తల దిమ్ముగా ఉంటుంది. మామూలుగా లేచినా సరే, ముఖం కడుక్కుని పది నిమిషాలు నడిచాకే తాళం తిప్పండి. ఇంకా తూగుతుంటే మళ్లీ పడుకోండి, ఇంటి దగ్గర కొంపేం మునిగిపోదు.

జలుబు మాత్ర వేసుకుంటే అసలు స్టీరింగ్ పట్టొద్దు. పాతరకం మాత్రలు మెదడులో హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి, మనల్ని మేల్కొలిపి ఉంచేవాటిలో అదొకటి.

పక్కన డ్రైవింగ్ వచ్చినవాళ్లుంటే ఇవేమీ అక్కర్లేదు, తాళాలు ఇచ్చేయండి. ఆ రోజు మా ఆవిడకిచ్చా. కనకదుర్గమ్మ వారధి దాటేదాకా నోరు తెరిచి గురక పెట్టానట.